స్లర్రీ కోసం ఎవరైనా కొట్టుకోండప్పా!

తాడిపత్రిలో మంచు పడదని ఇన్నాళ్లూ మనకు ఒక వెలితి ఉండేది. చలికాలం వస్తే చాలు, లంబసింగి పోయినోళ్లంతా ఫోటోలు పెట్టి మన కడుపు మండిస్తారు. ఇక ఆ బాధ అక్కర్లేదు. ఊరి బయట బండల పాలిష్ ఫ్యాక్టరీలు దాటి కాస్త ముందుకు పోండి. కంపచెట్ల మొదళ్ల నుంచి కల్వర్టు గట్టు దాకా తెల్లగా, మెత్తగా పరుచుకొని ఉంటుంది. మే నెల మిట్టమధ్యాహ్నం కూడా కరగదు. గిట్టనివాళ్లు దీన్ని స్లర్రీ అంటారు.

దీని పుట్టుక గొప్పది. నాపరాయి గానీ గ్రానైట్ గానీ కోసేటప్పుడు బ్లేడు వేడెక్కకుండా, దుమ్ము లేవకుండా నీళ్లు వదులుతారు. రాతిపొడి ఆ నీళ్లలో కలిసి దోసెపిండిలా జారి తొట్టిలోకి పోతుంది. పొడి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు మళ్లీ మిషన్‌కే వస్తాయి. ఇంతవరకూ సైన్సు. అడుగున మిగిలిన ముద్దను ట్రాక్టర్ ట్యాంకరుకు ఎత్తి, రాత్రి పదకొండు దాటాక, లైట్లు ఆర్పి, రోడ్డు పక్కన వదిలి రావడం మాత్రం కళ. అరవై నాలుగు కళల్లో దీన్ని ఎందుకు చేర్చలేదో తెలియదు.

వారం తిరిగేసరికి ముద్ద ఎండుతుంది. గాలి వీస్తే లేస్తుంది. అంటే లోపల నీళ్లు పోసి అణచిన దుమ్మునే బయట ఎండబెట్టి మళ్లీ లేపుతున్నాం. లోపల పదిమంది కూలీలు పీల్చాల్సింది ఊరంతా పంచుకుంటున్నాం. ఇంతకన్నా సామ్యవాదం ఏముంటుంది? ఆ పదిమందికి మాత్రం ఎలాగూ తప్పదు. గ్రానైట్ పొడిలో సిలికా ఉంటుంది. అది ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, వచ్చాక నయం చేసే మందు లేదు. రక్షణ ఏర్పాట్లు లేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రతి కూలీ మూతికీ ఒక తువ్వాలు ఉంది, అదీ వాళ్లు సొంత డబ్బులతో కొనుక్కున్నది.

రాజస్థాన్‌లో కిషన్‌గఢ్ అని మార్బుల్‌కు పేరున్న ఊరు ఉంది. అక్కడి స్లర్రీని ఏళ్ల తరబడి ఒకేచోట పోస్తూ వచ్చారు. అది తెల్లటి గుట్టలుగా పేరుకొని, మధ్యలో నీలం రంగు నీటిగుంటలు ఏర్పడి, ఇప్పుడు పెద్ద టూరిస్టు స్పాట్ అయింది. పెళ్లికి ముందు జంటలు అక్కడికి పోయి ఫోటోలు దిగుతున్నాయి. మనమూ ఆ స్థాయికి పోవచ్చు గానీ ఒక అడ్డం ఉంది. వాళ్లు ఒకేచోట పోశారు, మనం జాగా కనిపించిన ప్రతిచోటా పోస్తున్నాం. సీమకు పరిపాలన వికేంద్రీకరణ వస్తుందని ఎదురు చూశాం, రాలేదు. వ్యర్థాల వికేంద్రీకరణ మాత్రం ఏ జీవో లేకుండానే జరిగిపోయింది.

మన ఉమ్మడి అనంతపురం జిల్లాలో సగటున ఏడాదికి పడేది దాదాపు 550 మిల్లీమీటర్ల వాన. అందుకే ప్రభుత్వం ఇంకుడు గుంతలు తవ్వించింది. స్లర్రీ ఆ గుంతకు సరిగ్గా విరుగుడు. పౌడరంత మెత్తని పొడి కదా, మట్టి సందుల్లో దూరి బిగుసుకుంటుంది, చుక్క కూడా కిందికి దిగనివ్వదు. ఒక శాఖ ఇంకే గుంతలు తవ్విస్తుంటే మనం వాటిని పూడ్చి ఇంకని గుంతలు చేస్తున్నాం. ఆమ్లం ఎక్కువున్న నేలలకైతే ఈ సున్నపుపొడి మందే అవుతుందట. మన నేలలు అసలే సున్నపు నేలలు. అరగక కూర్చున్నవాడికి ఇంకో ముద్ద పెట్టినట్టు.

మా పొలం గట్టు దగ్గర ఒక రాత్రి ట్యాంకరు ఆపినప్పుడు డ్రైవర్ని పట్టుకున్నాను. చిన్న పిల్లోడు.

"ఇక్కడ ఎందుకు పోస్తున్నావప్పా?"

"యాడ పోయమంటావన్నా మరి? నా నెత్తిన పోసుకోనా?"

నాకు జవాబు దొరకలేదు. ట్రిప్పుకు ఇంత అని వాడికి కూలి. దూరం పోతే డీజిలు ఖర్చు, దగ్గర్లో పోస్తే మిగులు. ఈ లెక్కను ఓడించే చట్టం ఇంకా పుట్టలేదు.

నాకు తెలిసి వ్యర్థాలకు విముక్తి కలిగే దారి మన ప్రాంతంలో ఒక్కటే. దాని కోసం ఇద్దరు నాయకులు కొట్టుకోవాలి.

నమ్మకపోతే బూడిదను చూడండి. పక్కనే కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలో ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ పవర్ ప్రాజెక్టు) ఉంది, బొగ్గుతో కరెంటు చేసే 1650 మెగావాట్ల కేంద్రం. బొగ్గు కాలితే బూడిద తప్పదు. బూడిద అంటే ఒకప్పుడు చెరువుల్లో నింపి మరిచిపోయే సరుకు. 1999లో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి, థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకలు చేసేవాళ్లు దాన్ని వాడి తీరాలంది. సిమెంటువాళ్లకు దాని రుచి తెలిసింది. పీపీసీ అనే రకం సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఈ బూడిదే కలపొచ్చు. అంతే, బూడిదకు లారీలు వచ్చాయి, లారీలకు వంతులు వచ్చాయి, వంతులకు నాయకులు వచ్చారు. 2024 నవంబరులో ఆ బూడిద రవాణా మీద జమ్మలమడుగు వైపు వాళ్లకూ మన తాడిపత్రి వైపు వాళ్లకూ పేచీ వచ్చి, పోలీసులు దిగి, పంచాయితీ ముఖ్యమంత్రి దాకా పోయింది. బూడిదలో పోసిన పన్నీరు అనే సామెతకు ఇక కాలం చెల్లింది. పన్నీరు కంటే బూడిదే ప్రియం.

మరి స్లర్రీ చేసుకున్న పాపమేమిటి? నాపరాయి స్లర్రీ అంటే సున్నపురాతి పొడి. సిమెంటుకు ముడిసరుకు కూడా సున్నపురాయే. బట్టీలో కాల్చి తీసే సిమెంటు గడ్డలను క్లింకరు అంటారు, టన్ను క్లింకరుకు దాదాపు టన్నున్నర సున్నపురాయి కావాలి. దానికోసం ఫ్యాక్టరీలు గని తవ్వి, మందుపెట్టి పేల్చి, క్రషర్లో కొట్టి, మిల్లులో పొడి చేస్తాయి. బోలెడు కరెంటు. అక్కడికి కూతవేటు దూరంలో అదే రాయి, ఎవరో ముందే పిండి చేసి పెట్టింది, కల్వర్టు కింద పడి ఉంటుంది. పిండి గడప ముందే పెట్టుకొని పక్కూరికి పోయి తిరగలి తిప్పడం అంటే ఇదే.

ఇందులో చిక్కులు లేకపోలేదు, ఒప్పుకుంటాను. ముద్దలో తడి ఎక్కువ, మోసుకుపోతే సగం కిరాయి నీళ్లకే. ఫిల్టర్ ప్రెస్ అనే యంత్రం పెడితే నీళ్లు పిండేసి బిళ్లలుగా ఇస్తుంది. చిన్న యూనిట్‌వాడు ఒక్కడే కొనాలంటే భారం, పదిమంది కలిస్తే కాదు. కానీ పదిమంది కలవడం అనేది మన దగ్గర ఫిల్టర్ ప్రెస్ కన్నా ఖరీదైన వస్తువు. రెండో చిక్కు, నాపరాయి పొడినీ గ్రానైట్ పొడినీ ఒకే గుంతలో కలిపేయడం. వేరువేరుగా ఉంచితే ఒకటి సిమెంటుకు పోతుంది, రెండోది బాటల మీద పరిచే పేవర్ బ్లాకులకో ఇటుకలకో కొంత మేర పనికొస్తుంది. కలిపితే సిమెంటువాడు మొహం తిప్పుకుంటాడు. సంసారాలూ అంతే అనుకోండి, ఆ మాట ఇక్కడ వద్దు.

ఇంకో అవమానం కూడా ఉంది. స్లర్రీ ప్రమాదకర వ్యర్థాల లెక్కలోకి రాదు. వచ్చి ఉంటే కనీసం ఒక రిజిస్టరు, పది సంతకాలు, పసుపు రంగు బోర్డు దక్కేవి. పాపం, విషం కాకపోవడమే దాని నేరమైంది.

అందుకే నాయకులకు నా మనవి. అన్ని పార్టీలకూ. దయచేసి ఒక్కసారి దీని మీద కన్నేయండి. "మా ఊరి స్లర్రీ మాకే" అని ఒకరు లేవండి, "ప్రాణాలైనా ఇస్తాం గానీ ట్యాంకరు ఇవ్వం" అని ఇంకొకరు లేవండి. చెక్‌పోస్టు దగ్గర రెండు గంటలు లారీలు ఆపండి. మిగతాదంతా మార్కెట్టే చూసుకుంటుంది.

ఇది రాస్తుండగానే, నిన్న రాత్రి మా గట్టు దగ్గర అరుపులు వినిపించాయి. బయటికొచ్చి చూస్తే రెండు ట్రాక్టర్లు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి, డ్రైవర్లు చొక్కాలు పట్టుకున్నారు. మొదలైందిరా దేవుడా అని చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాను. తీరా పోతే తగాదా తీసుకుపోవడానికి కాదు, పోయడానికి. ఆ జాగా మాదంటే మాదని.

కాసేపటికి వాళ్లే రాజీపడ్డారు. ఒకరు గట్టుకు ఎడమ పక్క, ఇంకొకరు కుడి పక్క.