నాలుగు బోల్టుల మీద స్టెప్నీ నిలుస్తుందా?

ఒడిశాలోని జయపురం, కొరాపుట్, రాయగడ ప్రాంతాల్లో బండ్లున్న తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒకే వీడియో చేతులు మారుతోంది. ఎస్‌యూవీ అడుగున వేలాడే స్టెప్నీని, అంటే అదనపు టైరును, వెనుక డోరు మీదికి మార్చుకోవడం ఇంటి దగ్గర అరగంట పని అనీ, టైరును మోసే ఇనుప క్యారియరు, డ్రిల్లు, నాలుగు బోల్టులు ఉంటే చాలనీ, ఏ బండికైనా అది సరిపోతుందనీ, చట్టంతో చిక్కేమీ లేదనీ, పైగా వెనుక నుంచి ఎవరైనా గుద్దితే ఆ టైరే బండిని కాపాడుతుందనీ అందులో చెప్పారు. ఆ మాటలు నమ్మి మా బావమరిది గత వేసవిలో తన బండికి క్యారియరు బిగించినప్పుడు డోరు పట్టుకుని నిలబడింది నేనే కాబట్టి, వాటికి జవాబు రాయడం నాకు తప్పని పని అయింది.

వీడియోకు మూలమైన ఇబ్బంది నిజమైనదేనని ముందుగా ఒప్పుకుంటాను. సుంకి ఘాట్‌లో వాన కురుస్తుండగా, సామానుతో నిండిన బండి కింద బురదలో వెల్లకిలా పడుకుని, తుప్పు పట్టి తిరగని గొలుసును రాడ్డుతో తిప్పుతూ స్టెప్నీ దించినవారెవరూ దాన్ని అక్కడ పెట్టినవారిని మెచ్చుకోరు.

అయితే ఏ బండికైనా సరిపోతుందన్న మాట దగ్గరే అసలు తప్పు మొదలవుతుంది. బొలెరో, థార్, జిమ్నీ బండ్లకు వెనుక డోరు మీదే టైరు ఉంటుంది కదా అని వీడియోలో వాదించారు. ఉంటుంది, కానీ ఆ డోర్లను ఆ బరువు మోయడానికే తయారుచేశారు. వాటి లోపలి చట్రం, హింజిలు, తాళం అన్నీ దానికి తగ్గట్టే ఉంటాయి. అలా తయారుకాని డోరు మీది రేకు మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. రిమ్ముతో కలిపి టైరు 25 కిలోలు, క్యారియరు 15 కిలోలు అనుకుందాం. ఆ 40 కిలోల బరువు హింజిల వరుసకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉండి, రెండు హింజిల మధ్య ఎడం 40 సెంటీమీటర్లైతే, డోరు తెరిచినప్పుడు పై హింజిని 60 కిలోల బరువంత బలం బయటికి లాగుతుంది, కింది హింజిని అంతే బలం లోపలికి నొక్కుతుంది. ఇది డోరు సొంత బరువు కలపని లెక్క. బండి నడిచేటప్పుడు డోరు మూసి ఉంటుంది కనుక తాళం కొంత భారం పంచుకుంటుందన్నది నిజమే గానీ, చక్రం గుంతలో పడిన ప్రతిసారీ ఆ 40 కిలోలు రెండు మూడింతలై రేకును అటూ ఇటూ ఊపుతాయి. ఇనుప తీగను పదే పదే వంచితే తెగినట్టే రేకు కూడా అలిసి పగులుతుంది. బోల్టు ఎంత గట్టిదైనా దాని చుట్టూ ఉన్న రేకు గట్టిది కాదు.

మా బావమరిది బండికి అదే జరిగింది. దసరాకు ముందు బండి కడుగుతుంటే కింది ఎడమ బోల్టు వాషరు పక్క నుంచి వెంట్రుకంత సన్నని గీత ఒకటి, దాని కొస నుంచి టీ రంగు చార ఒకటి కనిపించాయి. గోటితో గీకితే రంగు పొలుసులా ఊడి వచ్చింది. వాషరు కింద రేకు మూకుడులా లోపలికి కుంగిపోయింది. అప్పటికే కొన్ని వారాలుగా డోరును చేత్తో కాస్త పైకెత్తి నెడితే తప్ప తాళం పడేది కాదు, మేమేమో తాళానికి నూనె వేస్తూ వచ్చాం.

ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి బండ్ల వెనుక డోరు పైకి తెరుచుకుంటుంది. దాన్ని ఎత్తి నిలిపే గ్యాసు స్ట్రట్లు డోరు సొంత బరువుకు సరిపడా ఉంటాయే తప్ప మరో 40 కిలోలకు కాదు. తెరిచిన డోరు సామాను తీసేవారి తల మీద పడవచ్చు.

డ్రిల్లు విషయంలో వీడియో చెప్పనివి రెండున్నాయి. లోపలి అట్ట విప్పకుండా రంధ్రం పెడితే వైపరు, తాళం, నంబరు ప్లేటు దీపాల వైర్లలో ఏదో ఒకటి తెగే అవకాశం ఉంది. రంధ్రం అంచుకు ప్రైమరు, రంగు పూయకపోతే ఒక్క వానాకాలం చాలు, తుప్పు లోపలి నుంచి తినడం మొదలుపెడుతుంది.

వీడియోను తిట్టేవారు చెప్పే ఒక మాట కూడా సరికాదు. టైరు పైకెక్కితే ఘాట్ మలుపుల్లో బండి బోల్తా కొడుతుందని భయపెడుతున్నారు. 1,900 కిలోల బండిలో 25 కిలోల టైరును 60 సెంటీమీటర్లు పైకి జరిపి, క్యారియరు బరువునూ కలిపితే గురుత్వ కేంద్రం పెరిగేది సుమారు ఒక్క సెంటీమీటరే. బండి పైన సామాను కట్టితే ఇంతకన్నా ఎక్కువ మార్పు వస్తుంది.

చట్టం సంగతికి వస్తే, 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు పేర్కొన్నవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. క్యారియరు పెట్టిన ప్రతివారూ నేరస్థులేనని నేను అనడం లేదు. కానీ టైరు వెనుక నంబరు ప్లేటు దాగితే, డోరు మీది బ్రేకు దీపం కనబడకపోతే, ఆపిన పోలీసు అడగడానికి అన్ని విధాలా కారణం ఉంటుంది. రాత్రిపూట వెనుక నంబరు 15 మీటర్ల దూరానికి చదవగలిగేలా వెలగాలన్నది నిబంధన. రివర్సు కెమెరా, సెన్సార్లకు కూడా టైరు అడ్డు రావచ్చు.

వెనుక టైరు ఢీని అడ్డుకుంటుందన్నది వినడానికి బాగుంటుంది. బంపరు ఛాసిస్‌కు, అంటే బండి అడుగు చట్రానికి, అమర్చి ఉంటుంది, టైరు మాత్రం దానికన్నా ఎత్తులో, దానికన్నా వెనక్కి పొడుచుకుని ఉంటుంది. కనుక లారీ ముక్కు ముందుగా తగిలేది టైరుకు, ఆ దెబ్బ నేరుగా చేరేది డోరుకు, అద్దానికి. రివర్సులో కరెంటు స్తంభానికి ఆనించినా అంతే.

ఇంటి దగ్గర చేయడమే తప్పని నా అభిప్రాయం కాదు. మీ మోడలుకే తయారైన, ఛాసిస్ పట్టీలకు ముందే ఉన్న రంధ్రాల్లో బిగిసే, పక్కకు తిరిగే చేయి ఉన్న క్యారియరు అయితే, బోల్టును బిగించే బలాన్ని (టార్కును) కొలిచే టార్కు రెంచి వాడటం తెలిసిన మనిషి పెరట్లోనే బిగించవచ్చు. దానికి ఒక పూట పడుతుంది, పట్టుకోవడానికి ఇద్దరు కావాలి. కిట్టుతో వచ్చిన కాగితంలో ఉన్న టార్కే పాటించాలి, 8.8 గ్రేడు 12 ఎంఎం బోల్టుకైతే అది సాధారణంగా 80 న్యూటన్ మీటర్ల దగ్గర్లో ఉంటుంది. వంద కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించి చూడాలి. ఛాసిస్‌కు కొత్త రంధ్రం పెట్టమనో, వెల్డింగు చేయమనో చెప్పే కిట్టు అయితే కొనకపోవడమే మేలు.

మా బావమరిది పగిలిన డోరు తీసేసి పాత సామాన్ల కొట్టులో దొరికిన మరో డోరు వేయించుకున్నాడు. స్టెప్నీ మళ్లీ అడుగుకే చేరింది. దాని గొలుసును మాత్రం ఇప్పుడు వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి దించి, గ్రీసు పూసి, తిరుగుతోందో లేదో చూసి మళ్లీ ఎక్కిస్తున్నాడు.