సంతకం లేని ఒప్పందం

(ఇద్దరూ పాత స్నేహితులే. వాది వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే ఉదారవాదాన్ని వెనకేసుకొస్తాడు, ప్రతివాది నిలదీస్తాడు. మధ్యలో మొహమాటాలు లేవు.)

ప్రతివాది: ముందు మనిషి సంగతి తేల్చు. మీ ఉదారవాదుల మనిషి తల్లీ తండ్రీ లేకుండా ఏకంగా పెద్దవాడై ఊడిపడతాడు. పడుతూనే "నా హక్కులివి" అంటాడు. అలాంటివాణ్ని ఎక్కడైనా చూశావా?

వాది: లేదు. ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ లాక్ కూడా చూడలేదు. 1689లో ప్రభుత్వం మీద ఆయన రాసిన పుస్తకంలో తల్లిదండ్రుల అధికారం గురించి ఒక అధ్యాయమే ఉంది. ఆయన అడిగింది ఒక్కటే: ఒక మనిషి పుట్టుకతోనే ఇంకో మనిషికి యజమాని అవుతాడా? కాడన్నాడు. రాజు అధికారం దేవుడిచ్చిందని నమ్మే రోజుల్లో అది చిన్న మాటా?

ప్రతివాది: అందుకని, మీ లాక్ చెప్పినట్టు, అందరూ కూర్చుని ఒప్పందం రాసుకుని రాజ్యాన్ని పుట్టించారంటావు. దాని మీద మా తాత సంతకం పెట్టాడా? స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1748లోనే అడిగాడు. నిద్రలో ఉన్నవాణ్ని ఓడెక్కించి, నడిసముద్రంలో "దూకలేదు కాబట్టి కెప్టెన్ అధికారానికి ఒప్పుకున్నట్టే" అంటే అది సమ్మతి అవుతుందా?

వాది: ఆ దెబ్బ గట్టిదే. పైగా ఇంట్లోవాడు కొట్టింది. హ్యూమ్‌ని కూడా చాలామంది మా పంక్తిలోనే కూర్చోబెడతారు. సరే, ఒప్పందం జరిగిందని వాదించను. పాలించేవాళ్లు పాలితులకు జవాబు చెప్పుకోవాలన్నంత వరకే తీసుకో. మనుషులు దేవదూతలైతే ప్రభుత్వమే అక్కర్లేదని 1788లో అమెరికా రాజ్యాంగ నిర్మాతల్లో ఒకడైన జేమ్స్ మాడిసన్ అన్నాడు. కుర్చీలో కూర్చునేవాడూ దేవదూత కాడు, అందుకే వాడికీ పగ్గం కావాలి.

ప్రతివాది: రాజ్యానికి పగ్గం వేశారు బాగానే ఉంది, మిల్లు యజమానికి ఎవరేస్తారు? పిల్లాడు కూలికి ఒప్పుకున్నాడు, యజమాని పనిచ్చాడు, ఇద్దరూ స్వేచ్ఛాజీవులే! 1833లో బ్రిటన్ చట్టం తెచ్చేదాకా చాలా జౌళి మిల్లుల్లో తొమ్మిదేళ్లు నిండనివాళ్లు కూడా పనిచేశారు. చట్టం వచ్చాక మాత్రం? దేశం మొత్తానికి నలుగురు ఇన్‌స్పెక్టర్లు.

వాది: దానికి జవాబు మా ఉదారవాద తత్వవేత్త, ఇంగ్లండ్‌కి చెందిన టి.హెచ్. గ్రీన్ చెప్పాడు. ఎవరూ అడ్డం రాకపోవడమే స్వేచ్ఛ కాదు, విలువైన పని చేయగలిగే శక్తి కూడా ఉండాలని 1881లో ఉపన్యాసమే ఇచ్చాడు.

ప్రతివాది: ఆ శక్తి ఇచ్చే నెపంతో రాజ్యం నా ఇంట్లోకి వస్తే?

వాది: ఎంతవరకు రావాలో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 1859లో "ఆన్ లిబర్టీ" పుస్తకంలో ఒక వంతెన కథతో చెప్పాడు. వంతెన కూలేలా ఉంది, ఒకడు అడుగు పెట్టబోతున్నాడు. హెచ్చరించే టైమ్ లేకపోతే పట్టుకుని వెనక్కి లాగొచ్చు, నదిలో పడాలన్నది అతని కోరిక కాదు కనక. ప్రమాదం ఖాయం కాదు, అనుమానమే అయితే చెప్పి వదిలెయ్యాలి. వెళ్తాడో మానతాడో అతని ఇష్టం.

ప్రతివాది: బాగుంది. ఆ జాన్ మిల్ గారే ఈస్టిండియా కంపెనీలో 35 ఏళ్లు కొలువు చేశాడు. "అనాగరికుల" మేలు కోసమైతే నిరంకుశ పాలన కూడా సరైనదేనని ఆ పుస్తకంలోనే రాశాడు. మనల్ని మాత్రం వంతెన దగ్గర పట్టుకుని రెండు వందల ఏళ్లు వదల్లేదు.

వాది: (కాసేపు ఆగి) దాన్ని సమర్థించను. నీ మేలు కోసమంటూ నిన్ను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదని దానికి కాస్త ముందే రాశాడు. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు ఆ ముక్క చాలు.

ప్రతివాది: మరి ఓడలో ఉన్నవాడి గతి?

వాది: దూకక్కర్లేదు. కెప్టెన్ని మార్చే ఓటు అడగాలి. 1867లో ఆడవాళ్లకూ ఓటివ్వాలని పార్లమెంటులో సవరణ పెట్టింది ఆ జాన్ మిల్ గారే.

ప్రతివాది: నెగ్గాడా?

వాది: లేదు. కాదన్నవాళ్లు 196, అవునన్నవాళ్లు 73.

ప్రతివాది: అయితే ఓడ ఇంకా నడిసముద్రంలోనే ఉందన్నమాట.

వాది: ఉంది. కానీ ఆ 73 మంది ఎక్కడివాళ్లనుకున్నావు? ఓడలోవాళ్లే.