జిగ్‌సా దాచే మహానుభావులకు ఒక మనవి

కొబ్బరితోట ఫోటోని ఐదొందల ముక్కలు చేసి జనం మీదకి వదిలేవాడికి ఏ శిక్ష వేయాలో గరుడ పురాణంలో లేదు. ఆ కాలంలో జిగ్‌సాలు లేవు కాబట్టి వదిలేశారు. ఉండుంటే సలసలా కాగే నూనె మూకుడు పక్కనే ఒక బల్ల వేసి, ముక్కలన్నీ దాని మీద గుమ్మరించి, ‘పేర్చు నాయనా, తొందరేం లేదు’ అనేవారు.

జియోక్యాషింగ్ ఆడేవాళ్ళకి నా బాధ విడమరచి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: ఒకడు డబ్బా దాచి, అది ఏ చోట ఉందో చెప్పే అంకెలు, అంటే కోఆర్డినేట్లు, ఆన్‌లైన్‌లో పెడతాడు, మనం ఫోనులో జీపీఎస్ చూసుకుంటూ వెళ్ళి, వెతికి పట్టుకుని, లోపలున్న లాగ్‌బుక్కులో పేరు రాసి, ఎక్కడి డబ్బా అక్కడే పెట్టి వచ్చేస్తాం. అంతే ఆట. మనవాళ్ళు కొందరు ఆ అంకెలు తిన్నగా చెప్పకుండా జిగ్‌సా బొమ్మలో దాస్తారు, ముక్కలన్నీ పేరిస్తేనే బయటపడతాయి. జీపీఎస్ సిగ్నల్లో కావాలని కలిపే తప్పును 2000 మే మొదట్లో అమెరికా ప్రభుత్వం ఆపేసింది. వెంటనే మే 3న ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టు దాచి, ఇదిగో ఇక్కడుంది, వెళ్ళి చూసుకోండి అన్నాడు. పెద్దమనిషి తరహా అంటే అదండీ! బకెట్టులో ఒక బీన్స్ డబ్బా కూడా పెట్టాడు గానీ, ఆ గింజలు వరసగా పేరిస్తే అంకెలు వస్తాయని మాత్రం అనలేదు. అమెరికా వాళ్ళు తీసేసిన తప్పును మన జిగ్‌సా వాళ్ళు మళ్ళీ తెచ్చి కలిపారు.

ఇందులో ఇంటిరకం ఒకటుంది. మ్యాపులో ప్రశ్నార్థకం గుర్తు పెట్టిన చోట డబ్బా ఉండదు, అది ఉత్తుత్తి పాయింటు. ఆన్‌లైన్‌లో బొమ్మంతా పేరిస్తే, ఆఖరి ముక్క పడగానే అసలు అంకెలు కనిపిస్తాయి. ఆ బొమ్మేమిటో మీరు ఊహించే ఉంటారు. కోనసీమ. పైన కొబ్బరాకులు, కింద కాలువలో అవే కొబ్బరాకులు తలకిందులుగా. ఏ ముక్క చూసినా పచ్చ, ఎటు తిప్పినా పచ్చ. ‘పెరట్లో నిజం చెట్లకి దింపు తీయించి ఎన్నాళ్ళయిందో గుర్తుందా అండీ, ఆ వేలితోనే దింపు తీసే అబ్బాయికి ఒక ఫోను కొట్టచ్చుగా’ అంది మా ఆవిడ. దానికి నా దగ్గర సమాధానం లేదు. పోనీ అంకెలు వచ్చాయనుకోండి, ఉత్తుత్తి పాయింటుకి అసలు డబ్బా 3.2 కిలోమీటర్ల లోపు ఎక్కడైనా ఉండొచ్చని రూలు. మన దగ్గర 3.2 కిలోమీటర్లంటే ఏటికి ఇవతలా కావచ్చు, అవతలా కావచ్చు. సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం వైపు దిగే ప్రాప్తం ఉందో లేదో ఆ కొబ్బరాకులే చెప్పాలి.

రెండోది బయటి రకం. మొదటి డబ్బాలో అట్టముక్కలు పోసి ఉంటాయి, అక్కడే కూర్చుని పేర్చుకోవాలి, వెనక రాసిన అంకెలు చదువుకుని అసలు డబ్బాకి పోవాలి. గోదారి గాలికి అప్పడాలే మెత్తబడే చోట అట్టముక్కలు ఉబ్బకుండా ఉంటాయా? ఏదీ దేంట్లోనూ ఇమడదు.

ఒక దృశ్యం ఊహించుకోండి. ఏటిగట్టు మీద మంచి ప్యాంటూ షర్టూ వేసుకున్న ఒకాయన తువ్వాలు పరిచి, గొంతుక్కూర్చుని, ముక్కలు తిప్పుతున్నాడు, మధ్యమధ్యలో ఫోను ఆకాశంకేసి చూపిస్తున్నాడు. ఇంకేముంది, ఊళ్ళో రీసర్వే వాళ్ళొచ్చారని పుకారు. పది నిమిషాల్లో పాసు పుస్తకాలతో సహా జనం. ‘ఆయ్, మ్యాపు చినిగిపోయిందాండీ?’ అని ఒకరు జాలిపడ్డారు. ‘మా గట్టు రెండడుగులు పక్కాయన కలిపేసుకున్నాడండీ, ఆ ముక్క ఎక్కడుందో చూడండి’ అని ఇంకొకరు. పక్కాయన కూడా అక్కడే ఉన్నాడు, ఆయన ముక్క ఆయన ఏరుకున్నాడు. ఎవరో కుర్చీ తెచ్చారు, ఎవరో బొండాం కొట్టారు. ఇది ఆటండీ బాబూ అని ఆయన నెత్తీనోరూ కొట్టుకున్నా వినేవాడు లేడు, ‘అలాగే అంటారండీ, తర్వాత నోటీసులొస్తాయి’ అని ఒక పెద్దాయన తేల్చేశాడు. ఇంతలో గాలికి ఒక ముక్క ఎగిరి పక్కనున్న పంటకాలువలో పడింది. శివారు ఆయకట్టుకి నీళ్ళు అందట్లేదని ఏటా ధర్నాలు చేస్తాం గానీ, ఆ ముక్క మాత్రం నిక్షేపంగా శివారు దాకా వెళ్ళిపోయింది.

ఆ ముక్క వెనక ఏముంది? ఒక అంకె. కోఆర్డినేట్లలో డిగ్రీల తర్వాత నిమిషాలుంటాయి, ఆ నిమిషాల్లో చుక్క తర్వాత మూడో అంకె అయితే మన అదృష్టం, ఒక్కో అంకెకి రెండు మీటర్లు కూడా తేడా రాదు, చెట్ల కింద ఫోనే అంతకన్నా ఎక్కువ తప్పు చెబుతుంది. చుక్క పక్కనున్న మొదటి అంకె పోయిందా, ఉత్తరం కొలతలో ఒక్కో అంకెకి 185 మీటర్లు! పది చోట్లు, పది తోటలు, పదిమంది కాపలావాళ్ళు, ఆ పది ఇళ్ళ కుక్కలు.

లండన్‌లో జాన్ స్పిల్స్‌బరీ అనే మ్యాపుల ఆయన 1760ల్లో మ్యాపుని చెక్కకి అంటించి, దేశాల సరిహద్దుల వెంట కోసి పిల్లలకి అమ్మాడు, జిగ్‌సాకి మూలం అదేనంటారు. ఏ చోటు ఎక్కడుందో పిల్లలకి తెలియాలని ఆయన కోశాడు. మనవాళ్ళు పెద్దవాళ్ళకి కూడా తెలియకూడదని కోస్తున్నారు.

సరే, ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇప్పుడొక కొత్త తెలివి బయలుదేరింది. ఒక్కో డబ్బాలో ఒక్కో ముక్క పెట్టి, డబ్బాలన్నీ ఏటిగట్టు వాలుకి పేర్చిన రాళ్ళ సందుల్లో దాచడం. ముక్కలన్నీ దొరికితేనే అసలు డబ్బా దొరికేది అంటే ఇక వెతికేవాడు ఊరుకుంటాడా? ఒక రాయి పీకుతాడు, కాదు, పక్కది పీకుతాడు. డబ్బా కోసం నేల తవ్వకూడదని ఆటలో రూలుంది, రాయి పీకడం తవ్వడం కాదట! ఒరే అబ్బాయ్, ఆ రాళ్ళు కూడా ఎవరో ఒకదానికొకటి ఆనేలా పేర్చినవేరా. ధవళేశ్వరం దగ్గర 17.75 అడుగులు వచ్చి మూడో ప్రమాద హెచ్చరిక ఎగరేసిన రాత్రి ఎప్పుడైనా గట్టు మీద నిలబడ్డావా? ఎలక బొరియలోంచి నీళ్ళు ఊరుతున్నాయేమోనని టార్చిలైట్లు వేసుకుని, ఇసుక బస్తాలు భుజాన వేసుకుని ఊరు ఊరంతా తిరిగే గట్టది. 1986 ఆగస్టు వరద చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు, గండి అనే మాట వాళ్ళ ముందు అని చూడు. నీ కొబ్బరాకు బొమ్మ పూర్తవడానికి ఆ గట్టు రాయి కదపాలా? సిగ్గులేదూ?

దాచడానికి చోట్లు లేవనకండి. రేవు దగ్గర బడ్డీకొట్టు ఉంది, అడిగితే ఆయన కాదనడు. అదీ కుదరకపోతే మీ వీధి అరుగు కింద దాచుకోండి. అడ్రసు తిన్నగా రాయండి. మేం వచ్చి తలుపు కొడతాం, మీ ఆవిడ ఇచ్చిన కాఫీ తాగుతూ కూర్చుంటాం, ముక్కలు మీరు పేర్చండి.