రక్తం రాలేదని పాముని వదిలేయకండి

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా తిరుగుతోంది. పెంపుడు పాముని పిల్లి పట్టినా రక్తం రాకపోతే భయం లేదట. పసుపు రాసి, పాలు పట్టి, ఎలుకని వేసి చూడాలట. తింటే బాగున్నట్టేనట, కుబుసంతో గాయం పోతుందట. ఇది నమ్మితే పాము ప్రాణం మీదకొస్తుంది.

రక్తం సంగతి ముందు. పిల్లి కోరలు సూదుల్లా సన్నం. గుచ్చిన రంధ్రం పొలుసుల మధ్య మూసుకుపోతుంది, పాస్చురెల్లా వంటి బాక్టీరియా లోపల ఉండిపోతుంది. పాముకి చీము కారదు. జున్నుముక్కలా గట్టిపడుతుంది, కోసి తీయాల్సిందే. ఆ వాపు పైకి తేలడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మర్నాడు హుషారుగా తిరిగిందని ధైర్యపడటానికి లేదు.

మంచి వెలుతురులో తల నుంచి తోకదాకా మెల్లగా తడిమి చూడండి: లేచిన పొలుసు, తడి చుక్క, వాపు, వంకర. ఒకవైపు రంధ్రం దొరికితే ఎదురువైపూ వెతకండి. బాల్ పైథాన్‌కి (ఇళ్లలో పెంచే చిన్న కొండచిలువ జాతి) కుబుసం ముందు పొట్టంతా గులాబీరంగు తేలడం మామూలే; ఒక్కచోటే ఎర్రబడితే అనుమానించాలి. కుక్క నోట కరిచి విదిలిస్తే చర్మం చెక్కుచెదరకుండానే పక్కటెముకలు, వెన్నుపూసలు విరగొచ్చు. తోకవైపు భాగం ఈడుస్తున్నా, వెల్లకిలా పడి తిరగలేకపోతున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా ఒక్క గంట కూడా ఆగకండి. పరీక్ష కోసం మీరే వెల్లకిలా తిప్పొద్దు.

పసుపు పొడి రంధ్రంలో ఇరుక్కుని మురికిని పట్టి ఉంచుతుంది, గాయం లోతు డాక్టర్‌కి కనబడనివ్వదు. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కండని దెబ్బతీస్తాయి. సెలైన్‌తో కడగండి, లేదా కాచి చల్లార్చిన నీళ్లలో బెటాడిన్ లేత టీ రంగు వచ్చేదాకా కలిపి వాడండి. నొప్పి మందు కలిసిన ఆయింట్‌మెంట్లు వద్దు. పాము ఉండే పెట్టెలో పరిచిన చెక్కపొట్టు తీసేసి తెల్లకాగితం పరిస్తే చిన్న మరకైనా వెంటనే తెలుస్తుంది.

పాలు పాముకి ఆహారం కాదు, మంచినీళ్ల గిన్నె చాలు. నాగులచవితి భక్తి వేరు, వైద్యం వేరు.

అన్నిటికంటే ప్రమాదం ఎలుక పరీక్ష. లోపల దెబ్బ ఉంటే మింగిన ఎలుక విరిగిన ఎముకల్ని ఒత్తుతుంది, కక్కేయొచ్చు కూడా. బతికున్న ఎలుక కరిస్తే రెండో గాయం. డాక్టర్ చూసేదాకా మేత ఆపండి. ఇక కుబుసమంటే పైపొరే. కోర దిగింది కండలోకి.

ఆ సలహాలో వేడి మాటే లేదు. పాము రోగనిరోధక శక్తి ఒంటి వేడి మీద ఆధారపడుతుంది. కోరాపుట్ కొండల్లో పుష్యమాసపు రాత్రి హీటర్ ఆగితే మందు కూడా సరిగా పనిచేయదు. బాల్ పైథాన్‌కి వెచ్చని వైపు 31–33, చల్లని వైపు 25–27 డిగ్రీలు ఉండాలి, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.

24 గంటల్లోపు డాక్టర్‌కి చూపించాలి. దగ్గరి పశువైద్యశాలకి ఫోన్ చేసి, పాముల్ని చూస్తారా అని అడగండి. లేకపోతే బరంపురం నుంచి సుమారు 170 కిలోమీటర్ల దూరంలో భువనేశ్వర్ పశువైద్య కళాశాల ఉంది. సెఫ్టాజిడిమ్ వంటి యాంటీబయాటిక్ మందుని మామూలుగా 72 గంటలకోసారి, ఒంటి ముందు సగంలో ఇంజెక్షన్‌గా ఇస్తారు. మోతాదు బరువుని బట్టే కాబట్టి పాముని గ్రాముల్లో తూచి రాసుకెళ్లండి. దిండు గలీబులో వేసి గలీబు మూతి కట్టి, గాలిరంధ్రాలున్న పెట్టెలో పెట్టండి.

కుక్క కరిచింది పెరట్లో జెర్రిపోతునైతే అటవీశాఖకి కబురు చేయండి. దాన్ని ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం.