కంచె జరిగితే హద్దు జరగదు

నెల్లూరు జిల్లా పొదలకూరు వైపు నిమ్మతోటల్లో, తోటకూ తోటకూ నడుమ సర్కారు తుమ్మ కంచెలు కనిపిస్తాయి. పశువులు పడకుండా ఎప్పుడో పెంచినవి. ఏటా నరకకపోతే కొమ్మలు అడ్డంగా సాగుతాయి, రాలిన కాయల నుంచి కొత్త మొక్కలు లేస్తాయి, మొదటి వరస ఎక్కడుందో ఆనవాలు దొరకదు. హద్దు రాయి పొదలో కూరుకుపోతుంది. అప్పుడు ఒకరు కత్తి తీస్తారు, మరొకరు పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతారు.

నూరు మీటర్ల పొడవున కంచె అర మీటరు లోపలికి వస్తే పోయే నేల దాదాపు ఒకటింపావు సెంటు. ఇంత దానికి తగువా అని ఊళ్లో పెద్దలు కసురుతారు. ఆ మాట అన్యాయం. ఆ రైతును నిద్రపోనివ్వనిది పన్నెండేళ్ల గడువు. తన నేలను ఎదుటివారు తమదేనంటూ బాహాటంగా పన్నెండేళ్లు అనుభవిస్తే, 1963 నాటి కాలపరిమితి చట్టం కింద దాన్ని తిరిగి అడిగే దారి మూసుకుపోతుంది. ఊరుకోవడమే నష్టమైనప్పుడు ఎవరు ఊరుకుంటారు?

విరుగుడు మాత్రం చాలా చిన్నది. అనుమతితో సాగే అనుభవం ఎన్నేళ్లయినా హక్కుగా మారదు. 'ఈ కంచె మా హద్దు కాదు, సర్వే రాళ్లే హద్దు' అని ఇద్దరూ సాక్షుల ఎదుట సంతకాలు చేస్తే భయం చాలావరకు తీరుతుంది. కానీ పక్క పొలం వాణ్ణి కాగితం అడగడమే అవమానించడమని మనవాళ్లు అనుకుంటారు. అడగకుండా నేరుగా ఇంజంక్షన్ దావా, అంటే ఎదుటివాణ్ణి తన నేల జోలికి రానివ్వొద్దని కోర్టును కోరే దావా, వేస్తారు. హక్కు మీదే వివాదం ఉన్నప్పుడు ఒట్టి ఇంజంక్షన్ అడిగితే చాలదని సుప్రీంకోర్టు 2008లో అనాతుల సుధాకర్ కేసులో చెప్పింది. పైగా హద్దు తేలాలంటే కోర్టు అయినా అడ్వకేట్ కమిషనర్‌ను (కోర్టు తరఫున చూసివచ్చే లాయరును), సర్వేయర్‌ను ఆ గట్టు మీదికే పంపాలి.

ఆ కొలతేదో ముందే గ్రామ సచివాలయంలో దరఖాస్తు పెట్టి చేయించుకోవచ్చు. ఎఫ్‌ఎంబీ (సర్వే శాఖ దగ్గరుండే పొలం కొలతల పుస్తకం) పటం చూసి సర్వేయర్ కొలిచే రోజున పక్క రైతు అక్కడ ఉండి తీరాలి. నోటీసు ఎలాగూ వెళ్తుంది. అయినా స్వయంగా ఇంటికి వెళ్లి, 'అన్నా, నువ్వు చూస్తుండగానే రాయి పాతుదాం, రా' అని పిలవాలి. చాటున వేసిన కొలతను ఎవరూ ఒప్పుకోరు.

రాళ్లు తేలాక కంచె తీయడం మరో పని. సర్కారు తుమ్మను మొదలంటా పెకలించకపోతే మళ్లీ చిగురిస్తుంది, అందుకు యంత్రం కావాలి. ఆ ఖర్చు చెరి సగమని కాగితంలోనే రాసుకోవాలి. కొట్టిన కట్టె ఎవరిదో కూడా రాయాలి. బొగ్గు బట్టీల వాళ్లు దానికి డబ్బిస్తారు. రాజీ కుదిరిన చోట కూడా మళ్లీ మాటామాటా పెరిగేది అక్కడే.