జ్ఞానాన్ని సీసాలో పోసి అమ్మండి సార్

అనంతపురం రైతుకు సమాచారం చాలడం లేదని ఢిల్లీ పెద్దలకు మళ్లీ దిగులు పట్టుకుంది. ఈ దిగులు పట్టుకున్నప్పుడల్లా వాళ్లు ఒక నెట్‌వర్క్ కడతారు. అది రైతుదాకా రాలేదని కొన్నేళ్లకు తేలుతుంది. అప్పుడు ఆ నెట్‌వర్క్‌ని రైతుతో కలపడానికి ఇంకో నెట్‌వర్క్ కడతారు. నేను వెటకారం చేస్తున్నానని అనుకోకండి, పూర్తి దేశభక్తితోనే రాస్తున్నాను, చివర్లో ఒక ప్రతిపాదన కూడా ఉంది.

ముందు ఇప్పటిదాకా కట్టినవి ఒక్కసారి వరసగా చూడండి. 1967 నుంచి దూరదర్శన్ సేద్యం పాఠాలు చెబుతోంది, 2000లో మార్కెట్ ధరల కోసం అగ్‌మార్క్‌నెట్, 2004 జనవరిలో కిసాన్ కాల్ సెంటర్, 2013లో మెసేజ్‌ల కోసం ఎంకిసాన్, 2015లో రైతుల కోసమే ఒక టీవీ చానల్, అదే ఏడాది నేలకు ఆరోగ్య కార్డు, 2016లో ఆన్‌లైన్ మార్కెట్ ఈ-నామ్, దాంతోపాటే కిసాన్ సువిధ యాప్, 2019లో వానల సంగతికి మేఘదూత్, 2020లో మన రాష్ట్రంలో పది వేలకు పైగా రైతు భరోసా కేంద్రాలు, వాటిలో వేలు పెట్టి నొక్కే కియోస్కులు, 2021లో శాస్త్రవేత్తలతో మాట్లాడించే కిసాన్ సారథి, 2023లో పీఎం కిసాన్ సందేహాలు తీర్చే చాట్‌బాట్, 2024లో ఆ భరోసా కేంద్రాలకే సేవా కేంద్రాలని కొత్త పేరు, అదే ఏడాది సెప్టెంబరులో 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్. ఊపిరి పీల్చుకోండి, నేనూ పీల్చుకుంటాను.

ఇన్ని ఉండగా మా పక్క రైతుకు చేలో ఆకు మీద మచ్చ కనబడితే ఏం చేస్తాడో తెలుసా? ఆ ఆకు తెంపి చొక్కా జేబులో పెట్టుకుంటాడు, బండెక్కి మండలానికి పోతాడు, మందులంగడి ముందు దిగుతాడు.

"ఏమప్పా, ఏమొచ్చింది?"

"చూడన్నా, చేనంతా ఇట్లే అయితాంది."

అంగడాయన ఆకు వైపు ఒకసారి, వెనకున్న అరల వైపు రెండుసార్లు చూస్తాడు. ఏ అరలో సరుకు ఎక్కువ మిగిలిపోయిందో రోగం అదేనని తేలుతుంది. రెండు డబ్బాలు, ఒక పొట్లం, ఒక టానిక్కు. మొత్తం ఐదు నిమిషాల్లో అయిపోయింది. ఓటీపీ రాలేదు, సర్వర్ డౌన్ కాలేదు, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని ఎవరూ పాట వినిపించలేదు.

ఇది నేను అంగడి ముందు కూచొని కట్టిన కథేం కాదు, సర్కారు లెక్కల్లోనూ ఇదే ఉంది. 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశమంతా తిరిగి, సేద్యం గురించి మీకెవరు చెబుతారయ్యా అని రైతులను అడిగారు. ఏదో ఒక చోటి నుంచి సమాచారం అందుతోందన్నవాళ్లే నూటికి 40 మంది. తోటి రైతు చెప్పాడన్నది 16.7 శాతం, మందులు ఎరువులు అమ్మేవాళ్లు చెప్పారన్నది 13.1, రేడియో 13 (కడప ఆకాశవాణి వాళ్లు కాలర్ ఎగరేసుకోవచ్చు), వ్యవసాయ శాఖ సిబ్బంది 5.7, ఇక కృషి విజ్ఞాన కేంద్రం 0.7. అనంతపురం రెడ్డిపల్లిలో, కళ్యాణదుర్గంలో, కర్నూలు బనవాసిలో, నంద్యాల జిల్లా యాగంటిపల్లెలో, కడప ఊటుకూరులో ఈ కేంద్రాలున్నాయి. అక్కడున్నవాళ్లు చదువుకున్నవాళ్లు, చెప్పేదీ మంచే. కాకపోతే ఒక కేంద్రానికి మంజూరయ్యేది ఒక పెద్ద, ఆరుగురు నిపుణులు. వాళ్లు జిల్లాలోని ప్రతి చేనుకూ పోవాలంటే రిటైరయ్యాక కూడా తిరుగుతూనే ఉండాలి.

తోటి రైతు మొదటి స్థానంలో ఉండటం మీద ఎవరికైనా అనుమానముంటే టీఎంవీ-2 సంగతి చెప్పుకోవాలి. ఈ శెనక్కాయ రకం 1940లో తమిళనాడు తిండివనంలో విడుదలైంది. దేశానికి స్వాతంత్ర్యం రాకముందు పుట్టిన విత్తనం, ఈ శతాబ్దం మొదలయ్యాక కూడా అనంతపురం చేలల్లో ఏలింది. దానికి పోర్టల్ లేదు. వియ్యంకుల ఊరి నుంచి ఒక మూట, మేనమామ కల్లంలోంచి ఇంకో మూట, అట్లా నడిచింది. మన జిల్లాలోనే (అప్పట్లో మన జిల్లానే, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా) కదిరి పరిశోధన కేంద్రం వాళ్లు మంచి మంచి రకాలు తీసినా, మేనమామను దాటుకొని రావడానికి వాటికి చాలా కాలం పట్టింది.

సరే, మందులంగడికి మళ్లీ వద్దాం, ఎందుకంటే అసలు గుట్టు అక్కడుంది. అంగడాయనకు రైతు ఎందుకు చెవి ఒగ్గుతాడు? ఆయన తెలివిని చూసి కాదు. మందు, ఎరువు అప్పుగా ఇస్తాడు, పంట వచ్చాక వడ్డీతో కట్టించుకుంటాడు. అప్పిచ్చినవాడి మాట వినాలి. అది మర్యాద, పైగా రేపు మళ్లీ ఆ మెట్లే ఎక్కాలి. టోల్‌ఫ్రీ నంబరులో మాట్లాడే అమ్మాయి ఎంత చక్కగా చెప్పినా ఒక్క డీఏపీ బస్తా అప్పివ్వలేదు కదా. మన నెట్‌వర్కులు కట్టేవాళ్లు సర్వర్లు, క్లౌడ్, డాష్‌బోర్డు అన్నీ ఆలోచించారు, అప్పుల పుస్తకం ఒక్కటి మరిచారు.

ఈ గుట్టు సర్కారుకు తెలియదనుకోకండి. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లోనే మందులు అమ్మేవాళ్ల కోసం ఒక డిప్లొమా కోర్సు పెట్టింది. ఏడాది చదువు. రైతును డాక్టరు దగ్గరికి తేలేకపోయాం, అందుకని రైతు ఎవరి దగ్గరికి పోతున్నాడో ఆయన్నే డాక్టరును చేద్దాం అనుకున్నారు. తెలివైన పనే, కాదనను. కాకపోతే డిప్లొమా గోడకు తగిలించాక కూడా అర అక్కడే ఉంది, అమ్ముడుపోని డబ్బాలూ అక్కడే ఉన్నాయి.

మధ్యలో ఒక మాట. సమాచారం ఇచ్చి పుచ్చుకోవాలని ప్రతి నెట్‌వర్క్ ప్రారంభోత్సవంలోనూ చెబుతారు. ఇందులో రైతు తన వాటా బాకీ లేకుండా చెల్లిస్తున్నాడు. ఆధార్ ఇచ్చాడు, సర్వే నంబరు ఇచ్చాడు, బ్యాంకు ఖాతా ఇచ్చాడు, పంట నమోదు చేసే ఈ-పంటలో చేను పక్కన నిలబడి ఫొటో దిగాడు. వేలిముద్ర కూడా ఇవ్వబోయాడు గానీ కలుపు పీకి పీకి అరిగిన బొటనవేలు మిషన్‌కు ఆనలేదు, తుడిచి మళ్లీ పెట్టమన్నారు. కొత్త డిజిటల్ వ్యవసాయ మిషన్‌లో 11 కోట్ల మందికి రైతు నంబర్లు ఇస్తారట. ఇంత ఇచ్చినవాడికి తిరిగి ఏమొస్తుంది? "సాయంత్రం వేళ మందు పిచికారీ చేయగలరు" అనే మెసేజ్ వస్తుంది, అదీ పంట పీకి కల్లంలో వేశాక. ఈ ఏడాది ఎర్ర గొంగళి పురుగు ముందు ఏ గట్టు మీద కనబడిందో, పోయినసారి ఏ మడిలో ఊడలు దిగలేదో ఆయనకు తెలుసు. అది రాసుకోవడానికి మాత్రం ఏ యాప్‌లోనూ గడి లేదు.

వానల సంగతీ ఇంతే. ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 552 మిల్లీమీటర్లు. శెనక్కాయ విత్తాలంటే జూన్, జూలైల్లో ఒక పదును వాన పడాలి, జూలై దాటితే ఆశ తగ్గుతూ పోతుంది. సరిగ్గా ఆ టెన్షన్‌లో ఫోన్ మోగుతుంది: ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో కనుక్కొని అక్కడ నాలుగెకరాలు కొనాలని మా పక్క చాలామందికి కోరిక. ఏళ్ల తరబడి వానలన్నీ అక్కడే కురుస్తున్నాయి మరి.

ధరల గురించి ఎక్కువ చెప్పను. నాసిక్ పక్కన లాసల్‌గావ్‌లో ఉల్లి ఇవాళ ఎంత పలికిందో కర్నూలు రైతు తన ఫోన్లోనే చూసుకుంటున్నాడు, తాడేపల్లిగూడెం ధర కూడా తెలుసు. ఆయన ఉల్లి మాత్రం కర్నూలు యార్డులో తరుగు పోగా వచ్చిన ధరకే పోతోంది. లారీ బాడుగ ఎంతో కూడా యాప్‌లో చూపిస్తే ఆ ఏడుపు కూడా డిజిటల్‌గా పూర్తయ్యేది.

ఇక అసలు విషయం. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో శెనక్కాయ మొక్కలు మొవ్వు ఎండి, కాండం నల్లబడి చచ్చిపోవడం మొదలైంది. చూడ్డానికి పాత మొవ్వుకుళ్లు లాగే ఉంది. రైతులు ఎప్పట్లాగే ఆకు జేబులో పెట్టుకొని అంగడికి పోయారు. దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పంట దెబ్బతింది, నష్టం 300 కోట్లు దాటింది. తర్వాత శాస్త్రవేత్తలు తేల్చిందేమిటంటే ఇది పొగాకులో కనబడే ఒక వైరస్. మన గట్ల మీద, రోడ్ల పక్కన, బడి గోడల వెంట తెల్లపూలతో ఊగుతూ ఉండే వయ్యారిభామ అనే కలుపు మొక్క పుప్పొడిలో ఆ వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి పూసుకొని శెనక్కాయ మీదికి చేరతాయి, అవి ఆకును గీరిన చోట వైరస్ లోపలికి పోతుంది. అంటించుకున్న మొక్కను బతికించే మందు లేదు. అందుకని వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి, చేను చుట్టూ కొన్ని సాళ్లు జొన్నో సజ్జో వేయండి, ఆ పైరు గోడలాగా పురుగులను ఆపుతుంది అన్నారు.

ఎంత మంచి సమాచారం చూడండి. ఖర్చు తక్కువ, కష్టం ఉంది గానీ ఫలితం ఉంది. ఇప్పుడు చెప్పండి, దీన్ని ఊరూరా మోసుకుపోయేదెవరు? మందు కంపెనీ మోయదు, గడ్డి పీకితే దానికేమొస్తుంది. అంగడాయన మోయడు, ఆ అరలో జొన్నసాలు డబ్బా లేదు. మేనమామ చెబుతాడు గానీ ఆయన గట్టు మీదా వయ్యారిభామే ఊగుతోంది. మిగిలింది వ్యవసాయ శాఖ వాళ్ల ఆ 5.7 శాతం, కృషి విజ్ఞాన కేంద్రం వాళ్ల ఆ 0.7 శాతం. అమ్ముకోవడానికి వీల్లేని జ్ఞానానికి ఈ దేశంలో బండి లేదు. కోట్లు పోసి రోడ్డు వేస్తున్నాం, దాని మీద తిరిగేవి మాత్రం మందుల కంపెనీల బళ్లే.

కాబట్టి నా ప్రతిపాదన సవినయంగా సమర్పించుకుంటున్నాను.

వయ్యారిభామ పీకుడును లీటరు సీసాలో పోసి అమ్మాలి. సీసా మీద మూడు రంగుల లేబుల్ ఉండాలి, లేబుల్ మీద పులి గానీ గద్ద గానీ ఉండాలి, పేరు నోరు తిరగనిదై ఉండాలి. ధర 900కు తగ్గకూడదు, ఎందుకంటే ఊరికే వచ్చిన సలహాను రైతు కూడా నమ్మడు, డబ్బు పెట్టి కొన్నదాన్ని వదులుకోడు. సీసా లోపల ఏమీ ఉండదు. వాడే పద్ధతి మాత్రం తెలుగులో పెద్దక్షరాలతో: ఈ సీసాను ఎడమ చేత పట్టుకొని గట్టు వెంట నడవాలి, కుడి చేత్తో కనబడిన ప్రతి వయ్యారిభామనూ వేళ్లతో సహా పీకాలి, చర్మానికి దురద పెట్టకుండా తొడుగులు వేసుకోవాలి, పూత రాకముందు ఒకసారి, వాన పడ్డాక ఇంకోసారి. సీసా కింద అంటించిన పొట్లంలో కాసిని జొన్న గింజలు ఉంటాయి, చేను చుట్టూ వేసుకోవాలి. పిచికారీ మిషన్ వాడరాదు.

అంగడాయనకు సీసాకు 30 శాతం మార్జిన్ ఇవ్వాలి. సీజనుకు వంద సీసాలు అమ్మినవాళ్లకు గోవా, ఐదు వందలు దాటితే బ్యాంకాక్. అప్పు మీద ఇచ్చేందుకు అనుమతి ఉండాలి, లేకపోతే ఎవరూ కొనరు. ఇదే వరసలో భూసార పరీక్షను టానిక్కు రూపంలో, పంట మార్పిడిని గుళికల రూపంలో, "ఈ వారం మందు కొట్టకపోయినా ఏం కాదు" అనే మాటను అర లీటరు డబ్బాలో తేవాలి. చివరిది చాలా ఖరీదు పెట్టాలి, అంత ఘాటైన మందును అంగడి చరిత్రలో ఎవరూ అమ్మి ఉండరు.

నిధుల సంగతి సులువు. మామూలు పథకాల్లాగే కేంద్రం 60, రాష్ట్రం 40. రాష్ట్రం వాటా వచ్చేదాకా రైతు భరిస్తాడు, అది ఎట్లాగూ అలవాటే. ఖాళీ సీసాకు 900 ఎందుకని ఆడిట్ వాళ్లు అభ్యంతరం పెడితే, ఇప్పటిదాకా ఒక్కరూ తెరవని యాప్‌లకు ఎంత పెట్టారో ఆ ఫైలు పక్కన పెట్టి చూడమనాలి, సీసానే చవక అని వాళ్లే రాసిస్తారు.

పథకం మొదలైన మొదటి రోజు ఎట్లా ఉంటుందో కూడా ఊహించుకున్నాను. రైతు జేబులోంచి ఆకు తీస్తాడు. అంగడాయన కొత్త సీసా తీసి బల్ల మీద పెడతాడు.

"గడ్డి మందా అన్నా ఇది?"

"దానికంటే పవర్‌ఫుల్లప్పా, సర్కారు వాళ్లే పంపినారు."

"సరే, పుస్తకంలో రాసుకో."

"రాసుకుంటా గానీ, ఇది ఒక్కటే అయితే పని చేయదు. దీంట్లోకి ఈ డబ్బా కూడా కలుపుకో."