కళ్లాపి చల్లాక ఊడుస్తారట!

2025 ఉగాది నాడు పొద్దున్నే ఆరున్నరకి మా మేనల్లుడు కెనడా నుంచి వీడియో కాల్ చేశాడు. వాడుండేది రిజైనాలో. అక్కడింకా ముందురోజు రాత్రి ఏడు గంటలు. పండగ శుభాకాంక్షలు చెబుతాడేమో అనుకున్నాను. "అది తర్వాత మావయ్యా, ముందు ఇది చూడండి" అంటూ ఫోన్ తిప్పాడు. పెద్ద హాలు. నేలంతా తెల్లగా మంచు. దాని మీద నున్నటి గుండ్రాయి ఒకటి తాపీగా జారుకుంటూ వస్తోంది. దాని ముందు ఇద్దరు మగాళ్లు, ఒడ్డూ పొడుగూ ఉన్నవాళ్లు, నడుం వంచి, ఆయాసపడుతూ నేల ఊడుస్తున్నారు. అవతలి చివర ఇంకొకడు నిలబడి వాళ్లనే చూస్తూ గొంతు చించుకుంటున్నాడు.

మా ఆవిడ అప్పుడే వాకిట్లో పని ముగించుకుని ముగ్గు గిన్నెతో లోపలికొచ్చింది. నా భుజం మీదుగా ఫోన్లోకి తొంగిచూసి, "ఎవరింట్లోనండీ పెళ్లి?" అంది.

పెళ్లి కాదు. రిజైనాకి గంట లోపు దూరంలో ఉన్న మూస్ జా అనే ఊళ్లో మొదలైన పురుషుల ప్రపంచ కర్లింగ్ చాంపియన్‌షిప్. పదమూడు దేశాలు. మన గడియారం ప్రకారం ఉగాదికి మొదలై, శ్రీరామనవమి వెళ్లేసరికి ముగిసింది. అంటే వసంత నవరాత్రులన్నమాట. ఇంత చక్కటి ముహూర్తం వాళ్లకి ఎవరు పెట్టారో గానీ, మన పంచాంగకర్తలు ఒక్కరూ ఆ ముక్క చెప్పలేదు. ఆ రోజు టీవీల్లో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు గంటలకొద్దీ చదివారు. ప్రపంచంలోని పదమూడు దేశాల మగవాళ్లు చీపుళ్లు పట్టుకుని బరిలోకి దిగుతున్న సంగతి ఏ రాశిఫలంలోనూ రాలేదు.

ఈ నిర్లక్ష్యం నన్ను కలచివేసింది. మగవాడు చీపురు పట్టడని తరతరాలుగా మన మీద ఒక నింద ఉంది. దానికి ఇంతకన్నా గట్టి జవాబు ఎక్కడుంది? పట్టడమే కాదు, 1959 నుంచి పట్టుకుని ప్రపంచ కప్పులు గెలుస్తున్నాడు. మొదటిసారి ఆ కప్పు పేరు స్కాచ్ కప్. స్కాట్లండ్ విస్కీ వ్యాపారులు పెట్టారు. ఊడ్చే పనికి మగాళ్లని ఒప్పించాలంటే ఏం ఎర వెయ్యాలో వాళ్లకి బాగా తెలుసు.

ఆ ఏడాది ప్రపంచ పోటీలో ఆడిన దేశాలు రెండే, స్కాట్లండ్, కెనడా. ఎవరూ నవ్వక్కర్లేదు. పక్కూరి రెండు జట్లు వస్తే మనమూ రాష్ట్రస్థాయి పోటీలని ఫ్లెక్సీ కట్టేవాళ్లమే. గెలిచింది కెనడా, సరిగ్గా మా మేనల్లుడి ఊరు రిజైనా నుంచి వచ్చిన ఎర్నీ రిచర్డ్‌సన్ జట్టు. నలుగురు ఆటగాళ్లూ రిచర్డ్‌సన్లే, ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరు వాళ్ల పెదనాన్న చిన్నాన్న బిడ్డల వరస. పాలివాళ్లు నలుగురు ఒకే పని మీద ఒకే బండిలో వెళ్లడం మన వైపు కోర్టు వాయిదాల రోజున తప్ప చూడం.

ఇక ఆట. తెలుగింటి వాకిలి తెలిసినవాళ్లకి దీన్ని విడిగా నేర్పక్కర్లేదు. ముందు ఒకాయన నీళ్ల డబ్బా వీపుకి తగిలించుకుని, చేతిలో జల్లుగొట్టం పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ మంచు మీద వెచ్చటి నీళ్లు చిలకరిస్తాడు. చుక్కలు ఎక్కడ పడ్డవి అక్కడే గడ్డకట్టి చిన్నచిన్న బొడిపెల్లా నిలుస్తాయి. పెబ్లింగ్ అంటారు. రాయి ఆ బొడిపెల మీదే జారుతుంది. అవి లేకపోతే సగం దారిలోనే చతికిలబడుతుంది. అవతలి చివర రంగు రంగుల వలయాలు గీసి ఉంటాయి, అన్నిటికన్నా బయటిది పన్నెండు అడుగుల వెడల్పు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హౌస్. ఇల్లుంది, ముగ్గుంది, కళ్లాపి ఉంది, చీపురుంది. గొబ్బెమ్మలొక్కటే తక్కువ, ఆ లోటు రాళ్లు తీరుస్తాయి.

మా ఆవిడకి ఇదంతా వివరంగా చెప్పాను. శ్రద్ధగా విని, "ఊడ్చి కదా కళ్లాపి చల్లాలి. వీళ్లు కళ్లాపి చల్లాక ఊడుస్తున్నారేంటి? ముగ్గు చెరిగిపోదూ?" అంది.

ముగ్గు మంచు కింద ఉంటుందని చెప్పాను. ఫోన్ చేతిలోకి తీసుకుని పరీక్షగా చూసింది. "ఆ పద్ధతి బావుంది" అంది. నలభై ఐదు మీటర్ల పొడవున్న ఆ బరిలో ఆవిడకి నచ్చింది అదొక్కటే.

ఊడవడం దేనికంటే, బ్రష్‌తో రుద్దితే మంచు పైపొర కాస్త వెచ్చబడి రాపిడి తగ్గుతుంది. రాయి ఇంకొన్ని మీటర్లు ఎక్కువ పోతుంది, వంకర తక్కువ తిరుగుతుంది. విసిరేటప్పుడు పిడిని కొంచెం తిప్పి వదులుతారు కాబట్టి రాయి గిర్రున కాకుండా నెమ్మదిగా తిరుగుతూ, ఆఖర్లో ఒక పక్కకి ఒరుగుతుంది. అలా ఎందుకు ఒరుగుతుందన్నదాని మీద భౌతికశాస్త్రవేత్తలు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. బల్ల మీద గాజు గ్లాసు బోర్లించి తిప్పుతూ తోస్తే అది ఒక పక్కకి పోతుంది, ఈ రాయి సరిగ్గా దానికి ఎదురు పక్కకి పోతుంది. పండితులు అక్కడే ఆగిపోయారు. ఊడ్చేవాళ్లు మాత్రం ఆగలేదు. ఊడ్చేవాడికి సిద్ధాంతం అక్కర్లేదన్న సంగతి మన ఇళ్లలోనూ రుజువైనదే.

ఒక్క విషయం గమనించాను. వాళ్లు రాయి దారిలో మాత్రమే ఊడుస్తారు. పక్కన బెత్తెడు జాగా ఎలా ఉన్నా ఆ చీపురు అటు వెళ్లదు. దీన్ని నేను లోపంగా అనుకోవడం లేదు, ఏకాగ్రత అనుకుంటున్నాను.

జట్టులో నలుగురు. ఒక్కొక్కరు రెండేసి రాళ్లు వేస్తారు. ముగ్గులో, ఎదుటి జట్టు రాయికన్నా మధ్యకి దగ్గరగా ఆగిన ప్రతి రాయికీ ఒక పాయింటు. నాయకుణ్ణి స్కిప్ అంటారు. మిగతావాళ్లు వేసేటప్పుడు ఈయన ముగ్గులో నిలబడి, రాయి ఎటు రావాలో చీపురు ఆనించి చూపించి, ఆ తర్వాత అరుస్తాడు. "హర్రీ! హార్డ్!" అంటే గట్టిగా రుద్దండ్రా అని. ఆయన దాదాపు ఊడవడు. జట్టుకి పేరు మాత్రం ఆయనదే. 2025 నాటికి ఏడు ప్రపంచ కప్పులు గెలిచిన స్వీడన్ జట్టుని టీమ్ ఎడీన్ అంటారు, స్కిప్ నిక్లాస్ ఎడీన్ కాబట్టి. ఇరవై కిలోలకి కాస్త తక్కువ బరువుండే రాయిని మంచు మీద కాపాడుకుంటూ తెచ్చిన ఆ ఇద్దరి పేర్లు అడిగితే మా మేనల్లుడు ఫోన్లో వెతికి చెప్పాడు. పాదయాత్రలో ఫ్లెక్సీలు మోసినవాళ్ల పేర్లు మనకి మాత్రం గుర్తుంటాయా?

కర్లింగ్ చరిత్రలో మనవాళ్లు బాగా చదవాల్సిన అధ్యాయం 1972. జర్మనీలో గార్మిష్-పార్టెన్‌కిర్షెన్. అమెరికా, కెనడా తలపడ్డాయి. ఆఖరి రౌండు, ఆఖరి రాయి. కెనడా స్కిప్ ఒరెస్ట్ మెలెష్చుక్ రెండు పాయింట్లు తెస్తే గానీ స్కోరు సమం కాదు. ఆయన వేసిన రాయి వచ్చి ముగ్గులో ఆగింది. ఒక పాయింటు ఖాయం. రెండోది ఎవరి రాయి మధ్యకి దగ్గరగా ఉందన్నదాని మీద ఉంది. వెంట్రుకవాసి తేడా, కొలవాలి. ఈలోపు అమెరికా ఆటగాడొకడు గెలిచేశామని చేతులెత్తాడు. అది చూసి స్కిప్ బాబ్ లాబాంట్ ఆనందం పట్టలేక గాల్లోకి ఎగిరాడు. కింద మంచు. దిగేటప్పుడు కాలు జారింది. ఆ కాలు పోయి సరిగ్గా కెనడా రాయికి తగిలింది.

ఇంకేం కొలుస్తారు? రాయి కదిలిపోయింది. పాయింటు కెనడాకిచ్చారు. స్కోరు సమం, అదనపు రౌండు, కప్పు కెనడాది. కౌంటింగ్ పూర్తి కాకముందే టపాకాయలు కాల్చి, రంగులు చల్లుకుని, సాయంత్రానికి స్నానం చేసి పడుకున్న అభ్యర్థులు మన దగ్గర చాలామందే ఉన్నారు గానీ, ఎవరూ బ్యాలెట్ పెట్టెని కాలితో తన్నినట్టు నాకు గుర్తులేదు.

అసలు కథ ఆ తర్వాతది. అప్పటిదాకా ప్రపంచ కప్పు అంటే అత్తగారిల్లు అన్నట్టు ఉన్న కెనడాకి, 1973 నుంచి 1979 దాకా అది దక్కలేదు. మళ్లీ 1980లో రిక్ ఫోక్ జట్టు గెలిచేదాకా జనం లాబాంట్ శాపం అని చెప్పుకున్నారు. తన్నింది అమెరికావాడు, ఓడింది అమెరికావాడు, శాపం తగిలింది కెనడాకి. ఇలాంటి శాపవిమోచన కథలు మన పురాణాల్లో బోలెడున్నాయి, ఇంత అన్యాయమైనది మాత్రం లేదు.

ఇక చీపురు దగ్గరికొద్దాం. పాతరోజుల్లో కెనడాలో వాడింది నిజమైన చీపుళ్లే. వాటిని చేసే మొక్కని వాళ్లు బ్రూమ్‌కార్న్ అంటారు, అది మన జొన్న జాతిదే. మంచు మీద టపటపా బాదేవారు, పుల్లలు రాలేవి, మళ్లీ ఆ పుల్లలు తియ్యాలి. ఆ బాధ పడలేక తర్వాత బ్రష్‌లకి మారారు. ఆపై కార్బన్ ఫైబర్ కర్రలు వచ్చాయి. చివరికి 2015లో ఒక రకం గుడ్డ తగిలించిన బ్రష్‌లు వచ్చిపడ్డాయి. అవి మంచుని గీరి, రాయిని కావలసిన వైపుకి తిప్పేస్తున్నాయి. విసిరేవాడి నైపుణ్యం కన్నా ఊడ్చేవాడి నైపుణ్యం ఎక్కువైపోయింది. ఆట పరువు పోతోందని పెద్దపెద్ద జట్లు గగ్గోలు పెట్టాయి. పత్రికలు దానికి బ్రూమ్‌గేట్ అని పేరు పెట్టాయి.

2016లో ఒంటారియోలోని కెంప్ట్‌విల్‌లో చీపురు మీద శిఖరాగ్ర సమావేశం జరిగింది. కెనడా ప్రభుత్వ పరిశోధనా మండలి శాస్త్రవేత్తలొచ్చి, రకరకాల బ్రష్‌లతో ఊడ్పించి, రాయి ఎటు పోతోందో కొలిచారు. ఇకమీదట ప్రపంచ స్థాయి పోటీల్లో ఫలానా గుడ్డ తప్ప ఇంకోటి వాడరాదని నిర్ణయమైంది.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ప్రపంచంలో ఆడవాళ్లు చీపురు పట్టి ఎన్ని వేల ఏళ్లయిందో ఎవరికీ లెక్క లేదు. కొబ్బరిచీపురు వాకిట్లోకి, కొండచీపురు ఇంట్లోకి అనే ప్రమాణాలు వాళ్లే పెట్టుకున్నారు, ఏ సమావేశమూ లేకుండా. నడుములు పోయాయి, మోకాళ్లు పోయాయి, ఒక్క శాస్త్రవేత్త టేపు పట్టుకుని రాలేదు. మగాళ్లు ప్రపంచ కప్పుల కోసం అరవై ఏళ్లు ఊడ్చారో లేదో, సమాఖ్య, నియమావళి, ధ్రువీకరణ పొందిన గుడ్డ, స్పాన్సరు, ప్రత్యక్ష ప్రసారం అన్నీ వచ్చేశాయి. నేను చెప్పొచ్చేదేమిటంటే, ఊడవడం గౌరవప్రదమైన వృత్తి అని లోకానికి తెలియాలంటే ఎవరో ఒక మగాడు త్యాగం చెయ్యాల్సిందే. ఈ వాక్యం మా ఆవిడకి చదివి వినిపించాను. ఏమీ అనలేదు. కూరగాయల కత్తి కింద పెట్టి నావైపు ఒకసారి చూసి, మళ్లీ తీసుకుంది.

స్పాన్సరు అన్నాను కదా. మూస్ జా పోటీ పేరుకి ముందున్న బీకేటీ మన ముంబై కంపెనీయే. ట్రాక్టర్లకి, గనుల్లో తిరిగే బండ్లకి టైర్లు చేస్తుంది. నేలని వదలకుండా పట్టుకోవడం తప్ప ఇంకేమీ తెలియని సరుకు. అది పోయి పోయి, పట్టు లేకుండా జారడమే ప్రాణమైన ఆటకి డబ్బులిచ్చింది. పెళ్లిసంబంధాల్లో దీన్నే ఈడూజోడూ అంటారు.

రాళ్ల విషయానికొస్తే నాకు కొంచెం బాధ ఉంది. ఒలింపిక్స్‌లో జారే రాళ్లకి గ్రానైట్ ఎక్కడిదంటే స్కాట్లండ్ పక్కన సముద్రంలో ఉన్న ఎయిల్సా క్రెయిగ్ అనే చిన్న ద్వీపానిది. అక్కడ మనుషులుండరు, పక్షులుంటాయి. మన చీమకుర్తి గ్రానైట్‌కి ఏం తక్కువ? ప్రపంచమంతా వెళ్తోంది, కానీ వంటగది గట్టు దగ్గరే ఆగిపోతోంది. పైగా అదే ప్రకాశం జిల్లా ఒంగోలు గిత్తలు బండలాగుడు పందేల్లో బండలు లాగి లాగి పేరు తెచ్చుకున్నాయి. రాయిని కదిలించడంలో మనకున్న అనుభవం ఎవరికుంది? మన దగ్గర ఆ పని ఎద్దులు చేస్తాయి, మగాళ్లు పక్కన పరిగెడుతూ అరుస్తారు. అంటే స్కిప్‌లకి మనకి కొదవలేదు. ఊడ్చేవాళ్లే కావాలి.

మూస్ జాలో ఫైనల్ స్కాట్లండ్, స్విట్జర్లాండ్ మధ్య జరిగింది. బ్రూస్ మౌవాట్ స్కిప్‌గా ఉన్న స్కాట్లండ్ జట్టు 5-4తో గెలిచింది. కెనడాకి కాంస్యం. ఆ ఊరి సంగతి తెలిస్తే కెనడావాళ్ల బాధ ఇంకా అర్థమవుతుంది. అక్కడ మ్యాక్ అనే పెద్ద దుప్పి విగ్రహం ఉంది. ప్రపంచంలోని దుప్పి విగ్రహాల్లో అదే ఎత్తయినదని మురిసిపోయేవారు. నార్వేవాళ్లు అంతకన్నా ఓ జానెడు ఎత్తు పెట్టి ఇంకోటి కట్టారు. మూస్ జా ఊరుకోలేదు, 2019లో మ్యాక్‌కి కొత్త కొమ్ములు పెట్టించింది. అంత పట్టుదల ఉన్న ఊళ్లో, సొంత మంచు మీద, మూడో స్థానం.

నవమి నాటికి నాలో మార్పు వచ్చింది. పొద్దున్నే లేచి, ఈ రోజు హాలు నేనే ఊడుస్తానని ప్రకటించాను. మా ఆవిడ అనుమానంగానే కొండచీపురు ఇచ్చి, పానకం గ్లాసుతో గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. నేను లుంగీ ఎగ్గట్టి, నడుం వంచి, టీవీ దగ్గర్నుంచి గుమ్మం దాకా ఒకే గీతలో, ఎడమ చెయ్యి కింద, కుడి చెయ్యి పైన, అచ్చం మౌవాట్ మనుషుల్లా రుద్దుకుంటూ వచ్చాను. చెమటలు పట్టాయి. గుమ్మం దగ్గర తలెత్తి చూశాను.

ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, సోఫా కిందకి, బల్ల కిందకి, మూలనున్న చెప్పుల స్టాండు కిందకి వేలు చూపించింది.

"ఇక్కడ రాయేం రావట్లేదండీ. గది మొత్తం ఊడవండి."